లామినైటిస్ వచ్చిన గుర్రం: లాయంలో కట్టేసి ఉంచినప్పుడు మేత ఎలా, కాలక్షేపం ఎలా?

చంద్రగిరి_సవారి
అందరికీ నమస్కారం. మా గౌరి గురించి అడగాలి. తొమ్మిదేళ్ల ఆడగుర్రం, మార్వాడీ కలిసిన జాతి, పెళ్లి ఊరేగింపులకు పోతుంది. ముహూర్తాలు అయిపోయే సమయానికి ఒకరోజు పొద్దున ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడింది. మలుపు తిప్పబోతే కదల్లేదు. డాక్టరు గారు వచ్చి చూసి లామినైటిస్ (గిట్ట లోపలి పొరలు దెబ్బతినే జబ్బు) అన్నారు. ఎక్స్‌రేలో గిట్ట లోపలి ఎముక కొద్దిగా తిరిగినట్టు కనిపించింది. మందులు నడుస్తున్నాయి. లాయం గడప దాటించొద్దన్నారు. దాణా పూర్తిగా ఆపి, ఎండుగడ్డి నానబెట్టి, తూకం వేసి పెట్టమన్నారు.

నొప్పి తగ్గింది, అది సంతోషమే. కానీ నొప్పి తగ్గినప్పటి నుంచి దానికి ఒక పక్క ఆకలి, ఇంకో పక్క ఏమీ తోచకపోవడం. వేసిన గడ్డి చూస్తుండగానే ఖాళీ చేస్తుంది. తర్వాత తలుపు తన్నడం, కొయ్య కొరకడం, ఒకేచోట నిలబడి ఇటూ అటూ ఊగడం. ఇంతకుముందు ఉలవ గుగ్గిళ్లు, గోధుమ తవుడు, కొంచెం బెల్లం పెట్టేవాళ్లం. ఆ బకెట్ చప్పుడు వినిపిస్తే చాలు, సకిలిస్తుంది. మా నాయన చూడలేక "నాలుగు పోచలు పచ్చిగడ్డి వేయరా" అంటున్నాడు. ఈ దశ దాటించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆరోగ్యం చెడకుండా దాని కడుపూ మనసూ ఎలా నింపాలి?

పశువైద్య_బాట
మందులు, ఎక్స్‌రే విషయంలో మీ డాక్టరు గారిదే చివరి మాట. మేత గురించి నేను చెప్తాను.

ముందు బరువు తెలియాలి. వే బ్రిడ్జికి తీసుకుపోయే పరిస్థితి లేదు కాబట్టి దర్జీ టేపు తీసుకోండి. ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక చివరి దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. అందాజే అయినా మన పనికి సరిపోతుంది. రోజుకు ఆ బరువులో 1.5 శాతం ఎండుమేత ఇవ్వాలి. గడ్డిని నానబెట్టక ముందు తూచాలి, నానాక తూస్తే నీళ్ల బరువు కలుస్తుంది.

ఎందుకింత కట్టుదిట్టమో మీ నాయన గారికి కూడా చెప్పండి. గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే సన్నటి పొరలు దెబ్బతినడమే ఈ జబ్బు. ఆ పట్టు సడలితే ఎముక తిరుగుతుంది, ఇంకా ముదిరితే కిందికి దిగుతుంది. గింజలు ఒక్కసారిగా ఎక్కువ తింటే ఆ పిండి చిన్నపేగులో అరగక పెద్దపేగుకు చేరి పులుస్తుంది, అక్కడి నుంచి విషం రక్తంలోకి వస్తుంది. అది ఒక దారి. చక్కెర, పిండి ఎక్కువైన తిండితో ఇన్సులిన్ పెరిగిపోవడం రెండో దారి. బలిసిన గుర్రాల్లో, మెడ పైభాగం గట్టిపడ్డ గుర్రాల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. ఉలవల్లో నూటికి 50 పాళ్లకు పైన పిండిపదార్థమే. బెల్లం సంగతి చెప్పనక్కర్లేదు. పచ్చిగడ్డిలో చక్కెర ఎంతుందో కంటితో చూసి చెప్పలేం, కాబట్టి ఆ నాలుగు పోచలు కూడా ఇప్పుడు వద్దు.

తగ్గించాల్సింది చక్కెర. నమిలే సమయం మాత్రం తగ్గకూడదు. గుర్రం కడుపులో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది, నములుతున్నప్పుడు వచ్చే లాలాజలమే దానికి విరుగుడు. గంటల తరబడి కడుపు ఖాళీగా ఉంటే పుండ్లు పడతాయి. నొప్పి మందులు కూడా వాడుతున్నారు కాబట్టి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

పుంగనూరు_పాక
మా పెద్దవాళ్ల కాలంలో గుర్రం కాళ్లు పట్టేస్తే రెండుపూటలు పస్తు పెట్టి, మూడో పూట నుంచి మెల్లగా నడిపించేవాళ్లు. పట్టు వదిలేది. ఇప్పుడు అంతా తూకాలు, లెక్కలు. లావుగా ఉన్న గుర్రానికి రెండు రోజులు తిండి లేకపోతే ఏమవుతుంది?

పశువైద్య_బాట
అన్నా, లావుగా ఉన్న గుర్రానికే అది ఎక్కువ ప్రమాదం. ఒక్కసారిగా తిండి ఆగితే ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వరదలా వస్తుంది, కాలేయం తట్టుకోలేదు. హైపర్‌లిపీమియా అంటారు. పొట్టి గుర్రాల్లో, గాడిదల్లో, చూలు గుర్రాల్లో ఇది తొందరగా వస్తుంది, ప్రాణం తీస్తుంది కూడా. గుర్రం మందకొడిగా అయిపోయి మేత ముట్టకపోతే గంటలు లెక్కపెట్టుకోకుండా డాక్టరును పిలవాలి. బరువు తగ్గించాలన్నా మెల్లగానే తగ్గించాలి. డాక్టరు పర్యవేక్షణ లేకుండా 1.5 శాతం కిందికి పోవద్దు.

నడిపించే విషయం మన లాడం అన్న చెప్తే బాగుంటుంది.

కాళహస్తి_లాడం
చెప్తా. నడిపించొద్దు. ఆ పొరలు చిరిగి ఉన్నప్పుడు ప్రతి అడుగూ చిరుగును పెంచుతుంది. బిగుసుకున్న కండరానికి నడక మంచిది, ఇది కండరం జబ్బు కాదు. నొప్పి మందు ఇచ్చాక గుర్రం హుషారుగా కనిపిస్తుంది, యజమాని మనసు కరిగి బయటికి తీస్తాడు. నేను చూసిన వాటిలో ఎక్కువ గుర్రాలు మళ్లీ పడింది అక్కడే.

కింద ఏమి పరిచారు సవారి అన్నా? గచ్చు నేల అయితే మేత సంగతి తర్వాత, ముందు అది మార్చండి. జానెడు మందాన రంపపు పొట్టు గానీ శుభ్రమైన ఏటి ఇసుక గానీ పరవండి. ఇసుక గిట్ట అడుగున నిండి అరికాలి మొత్తానికీ ఆసరా ఇస్తుంది. అయితే ఇసుక మీద గడ్డి వేయకూడదు, మేతతో పాటు ఇసుక కడుపులోకి పోతే శూల వస్తుంది. మేత దగ్గర రబ్బరు మ్యాట్ వేయండి. ఊక మాత్రం వద్దు, దుమ్ము, పైగా ఆకలిగా ఉన్న గుర్రం దాన్నే తింటుంది. వరిగడ్డి పరిచినా అంతే, మీ తూకం లెక్క తప్పిపోతుంది.

మొదట్లో అత్యవసరానికి మందపాటి థర్మోకోల్ షీటు గిట్ట ఆకారానికి కోసి డక్ట్ టేపుతో కడతాం. బరువుకు అది అణిగి అరికాలి అచ్చు తీసుకుంటుంది, గుర్రం వెంటనే తేలికపడుతుంది. తర్వాత ఎక్స్‌రే చేతిలో పెట్టుకుని ముందు మొన తగ్గిస్తూ గిట్ట చెక్కాలి. ఎక్స్‌రే చూడకుండా కత్తి పట్టేవాణ్ణి లాయంలోకి రానీయొద్దు.

రోజూ పొద్దున, సాయంత్రం మడమ పైన గిలక వెనక పక్కల రెండు వేళ్లతో నాడి చూడండి. మామూలు రోజుల్లో అది దొరకడమే కష్టం. ఎగిరెగిరి కొడుతుంటే, గిట్ట చాలాసేపు వేడిగానే ఉంటే, ఏదో తేడా వచ్చింది.

చంద్రగిరి_సవారి
అందరికీ ధన్యవాదాలు. కొలిచాను. చుట్టుకొలత 165, పొడవు 144. లెక్క వేస్తే 330 కిలోలు వచ్చింది. మెడ పైన గట్టిగానే ఉంది, పక్కటెముకలు తడిమితే తెలియడం లేదు. అంటే లావే. కింద గచ్చు, దాని మీద పలచగా గడ్డి ఉండేది. ఈరోజే రంపపు పొట్టు తెప్పించాం.

330కి 1.5 శాతం అంటే 5 కిలోలు కదా? ఏ గడ్డి ఇవ్వాలో తేలడం లేదు. మా పక్క దొరికేది వరిగడ్డి, సీవో-4 (పశువులకు పెంచే నేపియర్ గడ్డి రకం), శెనక్కాయ కట్టె, ఈ కాలంలో చెరకు ఆకు. లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) మంచిదని ఒకరు, విషమని ఒకరు అంటున్నారు.

పలమనేరు_మేత
నేను పశుగ్రాసం పండించి అమ్ముతాను, రెండు గుర్రాలు కూడా ఉన్నాయి. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ఆ 5 కిలోలు తేమ తీసేసిన లెక్క. బాగా ఎండిన గడ్డిలోనూ పదో వంతు తేమ ఉంటుంది కాబట్టి 5.5 కిలోలు తూచండి.

చెరకు ఆకు మొదటే తీసి పక్కన పెట్టండి. మన జిల్లాలో బెల్లం గానుగలున్న ప్రతిచోటా ఇది ఊరికే దొరుకుతుంది, ఆవులు ఇష్టంగా తింటాయి, కానీ కొనల్లో తీపి ఉంటుంది. జొన్న చొప్ప కూడా వద్దు. పచ్చిజొన్న మేస్తే గుర్రాలకు మూత్రాశయం, వెనక కాళ్లు దెబ్బతినే జబ్బు వస్తుంది, అందుకని మా లాయం ఛాయలకు జొన్న రానీయం.

సీవో-4 లాంటి నేపియర్ రకాల్లో ఆక్సలేట్లు ఎక్కువ. అవి మేతలోని కాల్షియంను పట్టేసి ఒంటికి అందనీయవు. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని విరిచేస్తాయి, గుర్రానికి ఆ సౌకర్యం లేదు. ఏళ్ల తరబడి అదే మేపితే ఎముకలు గుల్లబారతాయి, ముఖం ఎముక ఉబ్బుతుంది. దానికి తోడు తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. నేపియర్ ప్లస్ తవుడు గుర్రానికి అసలు కుదరని జోడీ. లామినైటిస్ లేకపోయినా నేనైతే పెట్టను.

అన్నిటికన్నా మంచిది ఎండబెట్టిన గరిక. చెరువు కట్టల మీద, తోటల గట్ల మీద కోయించి, మందు కొట్టిన చోటు కాదని చూసుకుని, నీడపట్టున ఆరబెట్టించండి. కొనేటట్టయితే ఎండు రోడ్స్ గడ్డి కట్టలు. లేత గడ్డికన్నా కాస్త ముదిరి పీచు తేలిన గడ్డి మీ గౌరికి నయం. వరిగడ్డి అందులో మూడో వంతు దాకా కలపొచ్చు. ఇసుక తత్వం ఎక్కువ, సారం తక్కువ, కానీ నమలడానికి చాలాసేపు పడుతుంది, ఇప్పుడు మీకు కావాల్సింది అదే. ఒక్కరోజులో మార్చకుండా వారం పదిరోజులు పట్టించి మార్చండి. నీళ్లు బాగా తాగుతుందో లేదో చూడండి, లేకపోతే పేగులో గట్టిపడి ఆగిపోతుంది.

శెనక్కాయ కట్టె వాన తగలనిదైతే కొద్దిగా పర్వాలేదు. బూజు వాసన ఏ మాత్రం వచ్చినా వద్దు. లూసర్న్ విషం కాదు, మందూ కాదు. మాంసకృత్తులు, కాల్షియం బాగా ఉంటాయి, అందుకే గుప్పెడు ఎండు లూసర్న్ మందులు కలపడానికి పనికొస్తుంది. కొన్ని గుర్రాలకు అది తిన్నాక గిట్టల నొప్పి పెరుగుతుంది. నాడి చూస్తూ పెట్టండి.

ఇంకొకటి, ఇది అందరూ చదవాలి. పాడి పశువుల దాణా, కోళ్ల దాణా గుర్రానికి ఒక్క పిడికెడు కూడా పెట్టొద్దు. వాటిలో కొన్నిట్లో మోనెన్సిన్ కలుపుతారు. ఆవుకు, కోడికి అది పనికొచ్చే మందు. గుర్రం గుండెను మాత్రం ఆపేస్తుంది. కోళ్లఫారాలు ఉన్న ఊళ్లలో ఖాళీ సంచుల్లో గుర్రపు మేత పోసే అలవాటు ఉంది, అది కూడా మానాలి.

పశువైద్య_బాట
పలమనేరు అన్న బాగా చెప్పారు. నానబెట్టడం గురించి మాత్రం చేరుస్తాను. చల్లటి నీళ్లలో గడ్డి మునిగేలా గంటసేపు ఉంచండి, ఎక్కువ నీళ్లు వాడండి. నీళ్లలో కరిగే చక్కెర కొంత పోతుంది. ఎంత పోతుందన్నది గడ్డిని బట్టి మారుతుంది. చలిదేశాల వాళ్లు రాత్రంతా నానబెడతారు, అది చదివి మన ఎండల్లో చేయొద్దు, పులిసిపోతుంది. ఆ తీపి నీళ్లు గుర్రం మూతి పెట్టని చోట పారబోయండి. నానిన గడ్డిని పూట దాటనీయకుండా తినిపించేయాలి. మిగిలింది తీసేయండి.

నీళ్లతో ఖనిజాలు కూడా కొట్టుకుపోతాయి కాబట్టి గుర్రాలకని అమ్మే మినరల్ మిక్చర్ డాక్టరును అడిగి ఇవ్వండి. సైంధవ లవణం రాయి ఒకటి మూతికి అందేలా కట్టండి.

రేణిగుంట_రైడర్
మేత సమయం సాగదీయడానికి మా దగ్గర పనిచేసింది సన్నకంతల వల. మామూలు వలలో గుప్పెళ్లకొద్దీ లాగేస్తుంది. 3 సెంటీమీటర్ల కంతలున్న వలలో రెండు మూడు పోచలే వస్తాయి. అలాంటిది దొరక్కపోతే మామూలు వలలు రెండు ఒకదానిలో ఒకటి దూర్చి, కంతలు ఎదురెదురు పడకుండా కట్టండి. మొదటి రోజే కష్టమైన వల పెడితే విసిగిపోయి కరిచి చింపేస్తుంది, కాబట్టి ముందు రెండు మూడు రోజులు సగం గడ్డి మామూలుగా, సగం వలలో.

ఒకేచోట ఒక పెద్ద వల కాకుండా గోడకు మూడు పక్కల మూడు చిన్న వలలు కట్టండి. ఒకటి కొద్దిసేపు లాగి, ఇంకో వైపు తిరిగి, మళ్లీ వస్తుంది. ఆ రెండడుగులే ఇప్పుడు దాని నడక. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం ఒక్కచోటే, మెడ వంచకుండా అందేలా పెట్టండి, తిరగడమే దానికి బాధ. వల ఖాళీ అయినప్పుడు కిందికి జారి కాలు ఇరుక్కోకుండా ఎత్తు చూసుకోండి. లాడాలున్న గుర్రానికి ఇది మరీ ముఖ్యం. ముడి ఒక్క లాగుతో విడిపోయేలా వేయండి.

5.5 కిలోలను ఐదు భాగాలు చేయండి, కానీ సమానంగా వద్దు. రాత్రి పడుకునే ముందు వేసే భాగం అన్నిటికన్నా పెద్దది. సాయంత్రం ఆరింటికి వేసి మళ్లీ పొద్దున ఆరింటికి వేస్తే మధ్యలో కడుపు ఎంతసేపు ఖాళీగా ఉంటుందో ఆలోచించండి. తలుపు తన్నేది ఎక్కువగా తెల్లవారుజామున కదా? అది పొగరు కాదు, ఆకలి. ఇంట్లో ఎవరైనా రాత్రి పదకొండుకు ఒక వల మార్చగలిగితే సగం సమస్య తీరుతుంది.

చంద్రగిరి_సవారి
అవును, తెల్లవారుజామునే తన్నేది! మా తమ్ముడు రాత్రి ఆలస్యంగా పడుకుంటాడు, ఆ పని వాడికి అప్పజెప్పాను.

ఇంకో టెన్షన్ ఉంది. మా లాయం రోడ్డు పక్కనే. పోయేవాళ్లు గౌరిని చూసి ఆగి అరటిపండో, లడ్డో, ఏదో ఒకటి పెడతారు. మామిడి సీజన్ మొదలైతే తోతాపురి తొక్కలు, టెంకలు కూడా తెచ్చి పడేస్తారు. వద్దంటే నొచ్చుకుంటారు.

నగరి_శారద
తమ్ముడూ, అది మన ఊళ్ల మంచితనం. బ్రహ్మోత్సవాల్లో స్వామి వాహనం ముందు గుర్రాలు నడవడం చిన్నప్పటి నుంచీ చూసినవాళ్లం, గుర్రం కనిపిస్తే చేతిలో ఉన్నది పెట్టాలనిపిస్తుంది. కోప్పడితే వినరు. "గౌరికి షుగర్ లాంటి జబ్బు ఉంది, తీపి పెడితే కాళ్లు పోతాయి" అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించు. షుగర్ అంటే ఇప్పుడు ఇంటింటికీ తెలుసు. దాని కింద "కీర దోసకాయ ముక్క ఒకటి పెట్టవచ్చు" అని రాసి, ఒక డబ్బాలో నువ్వే కోసి ఉంచు. పెట్టే చేతికీ తృప్తి ఉంటుంది. ఎన్ని ముక్కలు పెట్టాలో డబ్బాలో వేసేటప్పుడే నువ్వు తేల్చుకోవచ్చు.

దండలు వేసే వాళ్లను కూడా చూసుకో. పూలదండల్లో గన్నేరు కలుస్తుంది. గన్నేరు గుర్రానికి ప్రాణాంతకం, ఎండినా విషం పోదు.

కుప్పం_టీచర్
మేత వలలు అయిపోయాక కూడా రోజులో చాలా గంటలు మిగులుతాయి. ఆ గంటల గురించి నా మాట.

గుర్రానికి నిలబడిన చోటే నేర్పగలిగినవి చాలా ఉన్నాయి. ఒక కర్ర చివర టెన్నిస్ బంతి గుచ్చి, దాని ముక్కు ముందు పెట్టండి. వాసన చూడ్డానికి మూతి తగిలించగానే నాలుకతో "టక్" అని శబ్దం చేసి, కీర ముక్క గానీ దాని వాటా గడ్డిలోంచే ఒక చిటికెడు గానీ ఇవ్వండి. నాలుగైదు సార్లకు దానికి ఆట అర్థమైపోతుంది. తర్వాత బంతిని కుడికి, ఎడమకు, కిందికి జరపండి. తల దించడం, మూతి తెరిచి మందు సిరంజి పట్టనివ్వడం, గిట్ట ఎత్తకుండానే కాలు తడమనివ్వడం, ఇవన్నీ ఇలాగే నేర్పవచ్చు. రేపు లాడం అన్న వచ్చినప్పుడు ఈ పాఠాలే పనికొస్తాయి. రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు చాలు. అది అలసిపోక ముందే ఆపండి. కాళ్లు ఎత్తించే ఆటలు, వెనక్కి నడిపించడం మాత్రం ఇప్పుడు వద్దు. ఒక కాలు ఎత్తితే బరువంతా రెండో దాని మీద పడుతుంది.

మాలీషు కూడా కాలక్షేపమే. మెడ మొదట, జబ్బల పైన వేళ్లతో గీరండి, పై పెదవి సాగదీసి ఊపుతుంటే దానికి నచ్చిందన్న మాట. బరువు వెనక్కి వేసి నిలబడటం వల్ల వీపు, నడుము కండరాలు పట్టేసి ఉంటాయి, అక్కడ మెల్లగా రుద్దండి.

ఊగే అలవాటుకు అద్దం పనిచేస్తుంది. లాయంలో అద్దం పెడితే ఊగడం తగ్గుతుందని పరిశోధనల్లోనే తేలింది. పగిలే అద్దం వద్దు, నునుపు చేసిన స్టీలు రేకు గోడకు బిగించండి, అంచులు తగలకుండా. అన్నిటికన్నా గొప్ప మందు ఇంకో గుర్రం కనిపించడం. పక్క లాయంలో ఎవరైనా ఉన్నారా?

చంద్రగిరి_సవారి
ఇంకో గుర్రం లేదు మేడం. ఒక మేక ఉంది. దాన్ని తోడుగా పెడితే ఒప్పుకుంటుందా? కర్ర, బంతి ఆట ఈ సాయంత్రమే మొదలుపెట్టాను, గౌరి చెవులు నిక్కబొడిచి ఎంత శ్రద్ధగా చూసిందో! చాలా రోజుల తర్వాత దాని ముఖంలో కళ చూశాను.

పలమనేరు_మేత
మేక మంచి తోడే, మా దగ్గరా ఉంది. కానీ మధ్యలో వెదురు తడిక పెట్టి పక్కనే కట్టండి. ఒకే గదిలో వదిలితే మేక వల కంతల్లో తల దూర్చి గౌరి వాటా తినేస్తుంది, లేకపోతే కొమ్ము తగిలి గుర్రం ఉలిక్కిపడి గెంతుతుంది. మేకకు వేసే సుబాబుల్ కొమ్మలు గుర్రానికి అందకూడదు. అందులో మైమోసిన్ అనే విషం ఉంటుంది, తింటే గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. పెళ్లి గుర్రానికి అది ఎంత నష్టమో మీకు తెలుసు.

పుంగనూరు_పాక
నడిపించొద్దన్న మాట లాడం అన్న వివరంగా చెప్పాక అర్థమైంది. ఒక సందేహం. నొప్పికి మా ఊళ్లో మెడికల్ షాపులో దొరికే డైక్లోఫెనాక్ వేస్తారు. అది వేయొచ్చా?

పశువైద్య_బాట
వేయొద్దన్నా. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు వాడిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయి. గుర్రానికి ఏ నొప్పి మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి. రెండు రకాల నొప్పి మందులు కలిపి అసలు ఇవ్వకూడదు. కడుపు, మూత్రపిండాలు రెండూ దెబ్బతింటాయి.

చంద్రగిరి_సవారి
ఎలా ఉందో చెప్దామని వచ్చాను. వలలు, రాత్రి పదకొండు మేత మొదలుపెట్టాక తెల్లవారుజామున తన్నడం ఆగిపోయింది. ఊగడం పూర్తిగా పోలేదు, మనుషులు లేనప్పుడు కాస్త ఉంది. రంపపు పొట్టు మీద ఎక్కువసేపు పడుకుంటోంది. పడుకుంటే భయపడ్డాం, కాళ్ల మీద బరువు తగ్గుతుంది కాబట్టి మంచిదేనని డాక్టరు గారు చెప్పారు. బోర్డు రాయించాం. పిల్లలు కీర ముక్కల కోసమే ఆగుతున్నారు. నాయన పచ్చిగడ్డి మాట మానేసి వల నింపే పని తనే తీసుకున్నాడు, తూకం తేడా రానీయడు.

ఫ్యాను పెట్టాం, వైరు అందకుండా పైపులో వేయించాం. రేడియో కూడా పెట్టాం, పాటలకన్నా వార్తలు వచ్చేటప్పుడే నెమ్మదిగా ఉంటోంది.

ఇక అసలు ప్రశ్న. వచ్చే ముహూర్తాలకు అడ్వాన్సులు ఇస్తామని ఫోన్లు వస్తున్నాయి. ఎప్పటికి బయటికి తీయొచ్చు?

కాళహస్తి_లాడం
అడ్వాన్సు తీసుకోవద్దు. నొప్పి మందు పూర్తిగా ఆపేశాక కూడా గుర్రం హాయిగా నిలబడి, తిరిగి, పడుకుని లేవాలి. అలా కనీసం నెలరోజులు గడిచాకే బయటి మాట. అప్పుడు కూడా ముందు మెత్తటి నేల మీద, తాడు పట్టుకుని, తిన్నగా నాలుగడుగులు. మలుపులు పెద్దగా తిప్పాలి. మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. గిట్ట పైనుంచి కొత్తగా పెరిగి కిందికి దిగడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఆ కొత్త గోడ గట్టిగా పట్టుకుని దిగితేనే తారురోడ్డు మీద, బ్యాండు మధ్య, మనిషిని మోస్తూ గంటలు నిలబడగలదు. ఈ ఏడాది ముహూర్తాలు గౌరివి కావు, వేరే గుర్రాన్ని చూపించండి.

చంద్రగిరి_సవారి
సరే అన్నా. ఫోన్ చేసిన వాళ్లకు అదే చెప్తాను. మళ్లీ పనిలోకి వచ్చినా గుగ్గిళ్లు, బెల్లం ఇక ఉండవు.

వడమాలపేట_రాజా
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా ముసలి పొట్టి గుర్రానికి కూడా ఇదే జబ్బు అన్నారు. వయసు ఇరవై పైన. వలలో పెడితే గడ్డి నమిలి ఉండలు చేసి కింద ఉమ్మేస్తోంది. ఎండాకాలంలో కూడా ఒంటి బొచ్చు రాలడం లేదు.

పశువైద్య_బాట
రాజా గారూ, ఉండలు ఉమ్మేస్తోందంటే పళ్లు అరిగాయో, పదును తేలి బుగ్గ కోస్తున్నాయో చూడాలి. పళ్లు చూపించే దాకా వల వద్దు. గడ్డిని వేలెడు ముక్కలుగా కత్తిరించి, బాగా నానబెట్టి, వెడల్పు తొట్టిలో పెట్టండి. త్వరగా మింగేయకుండా తొట్టిలో పిడికిలి కన్నా పెద్దవి నున్నటి రాళ్లు రెండు మూడు వేయండి.

ఆ వయసులో బొచ్చు రాలకపోవడం కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బు గుర్తు కావచ్చు. అదే అయితే మేత ఎంత కట్టడి చేసినా లామినైటిస్ తిరిగి తిరిగి వస్తుంది. దానికి వేరే రక్తపరీక్ష, వేరే మందు ఉన్నాయి. మీకు తిరుపతి దగ్గరే కదా, పశువైద్య కళాశాలకు ఫోన్ చేసి, గుర్రాన్ని నడిపించకుండా రక్తం ఇంటి దగ్గరే తీయించే వీలుందేమో అడగండి. వివరాలకు కొత్త చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడదాం.